నెల తప్పినచో

మా తోడికోడలి బిడ్డని నా కడుపున మోస్తానని నేను మాటిచ్చింది పప్పు రుబ్బుతూ. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే జనం నన్నేదో త్యాగమూర్తి కింద జమకట్టేసి, కనపడ్డప్పుడల్లా దణ్ణాలు పెట్టేస్తున్నారు. నేను గారెలకి పప్పు రుబ్బుతున్నాను, హిమజ పక్కన కూచుని ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటోంది. ఉల్లిపాయలు అయిపోయాయి గానీ కళ్ళు తుడుచుకోవడం అవలేదు. "ఊరుకోవే పిల్లా, నీ బిడ్డని నేను మోస్తాలే" అనేశాను. అనేశాక గ్రైండరు ఆపి, ఏమన్నానో నేనూ ఒకసారి ఆలోచించుకున్నాను. వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

హిమజ మా మరిది కొండబాబు భార్య. తొలి కాన్పులో బిడ్డ దక్కలేదు. రక్తం ఆగక, మనిషి దక్కాలంటే తప్పదని గర్భసంచి తీసేశారు. అప్పట్నుంచీ ఆ పిల్ల నోట "నా" అన్న మాట రావడం మానేసింది. తన చీరని "ఆ చీర" అంటుంది, తన కంచాన్ని "ఆ కంచం" అంటుంది. నాది అంటే పోతుందేమోనని భయం. పైకి చెప్పదు గానీ నాకు తెలుస్తుంది, ఒకే వంటింట్లో మసలుకునేవాళ్ళం కదా.

మా నీలాటిపురంలో సంతాన సాఫల్య కేంద్రం ఒకటుంది. అక్కడి డాక్టరు వసుధగారు అంతా విడమర్చి చెప్పారు. అండం హిమజది, మిగతాది కొండబాబుది, రెంటినీ కలిపి పిండం తయారుచేసి ఫ్రీజర్లో పెడతారు. నన్ను మందులతో సిద్ధం చేసి, ఆ పిండాన్ని నాలో పెడతారు. నేను మోస్తానంతే, బిడ్డకీ నాకూ రక్తసంబంధం ఉండదు. దీన్ని హోస్ట్ సరోగసీ అంటారట. మోసేది చుట్టమై ఉండాలి, పెళ్ళయి తనకో బిడ్డ ఉండాలి, పైసా పుచ్చుకోకూడదు, జన్మకి ఒక్కసారే మొయ్యాలి, వయసు ముప్పై ఐదు దాటకూడదు. అన్నీ సరిపోయాయి. కాకపోతే దసరా వెళ్ళగానే నాకు ముప్పై ఐదు నిండిపోతాయి. మా చుట్టాల్లో ఇంకెవరూ ఆ రూళ్ళకి సరిపోరు. అంటే దసరాలోగా పని కాకపోతే హిమజకి ఇంక దారి లేదన్నమాట.

కౌన్సిలింగ్ అని ఒకావిడ నన్ను కూచోబెట్టి అడిగింది. "తొమ్మిది నెలలు మోసి, కని, ఇచ్చెయ్యగలరా? బాధనిపించదా?"

"మాది టెంట్ హౌసండీ" అన్నాను. "షామియానాలు, కుర్చీలు, గంగాళాలు అద్దెకిస్తాం. ఎవరి సామాను ఎవరికి చేరాలో చూసుకోవడమే మా పని. నాకేం బాధ ఉండదు."

ఆవిడ రాసుకుంది. అలా అనకుండా ఉండాల్సింది, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

మాత్రలు మొదలయ్యాయి. వారానికోసారి స్కానింగు. లోపలి పొర తగినంత మందం రావాలిట. నాకు తెలిసిన మందాలన్నీ షామియానా గుడ్డవే కాబట్టి డాక్టరుగారు చెప్పిన లెక్కలకి తలూపి ఊరుకునేదాన్ని. చివరికి ఆవిడ, "భేషుగ్గా ఉంది వీరవేణీ. జిల్లా కార్యాలయం నుంచి అనుమతి పత్రం తెచ్చుకోండి, పెట్టేద్దాం" అన్నారు. దానికి కావాల్సిన దరఖాస్తు, సర్టిఫికెట్టూ కూడా ఇచ్చారు. ఒక్క కాగితమే కదా అనుకున్నాం. ఆ ఒక్క కాగితానికీ తలప్రాణం తోకకొచ్చింది.

ఆ ఏడే మా జిల్లాకి కొత్తగా ఒక పెద్ద అధికారి వచ్చారు. ఆయనకి తెలుగు మీద పట్టలేనంత ప్రేమ. ఏ ఫైల్లోనూ ఇంగ్లీషు ముక్క కనపడకూడదని ఉత్తర్వు వేశారు. ఆఫీసు గుమ్మం మీద "ఆఫీసు" అన్న మాట తీసేసి "కార్యాలయము" అని రాయించారు. మంచిదే, ఎవరు కాదన్నారు? కాగితాలన్నీ అనువదించడానికి ఆచారిగారని ఒక భాషాధికారిని వేశారు. ఆయన మా దరఖాస్తులోని "హోస్ట్ సరోగసీ" చూసి, రెండు రోజులు నిఘంటువులు తిరగేసి, "ఆతిథ్య అద్దె గర్భము" అని ఖాయం చేశారు.

ఆతిథ్యం అని ఉంది కాబట్టి ఫైలు ముందుగా హోటళ్ళు, లాడ్జీల విభాగానికి వెళ్ళింది. "గదులెన్ని? ఫలహారం కలిపియా, విడిగానా?" అని వాళ్ళు రాసి పంపారు. నాకు ఒళ్ళు మండి, "గది ఒకటే. భోజనం, ఫలహారం అన్నీ కలిపే" అని జవాబు రాశాను. ఒక్క గదికి లాడ్జి లైసెన్సు అక్కర్లేదని వాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఇక మిగిలిన మాట "అద్దె". దాంతో ఫైలు తిన్నగా అద్దెల నియంత్రణ విభాగం పర్యవేక్షకుడు పానకాలరావుగారి బల్ల మీదికి చేరింది.

పానకాలరావుగారు చెడ్డవారు కారు, అది కూడా చెప్పాలి. లంచం ముట్టరు, గట్టిగా అరవరు. కాగితంలో ఏముంటే ఆయన బుర్రలో అదే ఉంటుంది, అంతే. నేను, మా ఆయన త్రిమూర్తులు, హిమజ ముగ్గురం వెళ్ళి నిలబడ్డాం. కొండబాబు బయట స్కూటరు దగ్గర గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

"సదరు ఆస్తి ఎక్కడున్నది?" అన్నారాయన ఫైల్లోంచి తలెత్తకుండా.

"మీ ఎదురుగానే ఉందండీ" అన్నాను.

ఆయన తలెత్తి నా వెనక గోడకేసి చూసి, మళ్ళీ ఫైలుకేసి చూశారు. "యజమాని ఎవరు?"

"నేనేనండీ."

"యజమాని అనగా..." ఆయన మా ఆయనకేసి చూశారు. "వీరు కారా?"

"వారు నాకు మొగుడండీ. నా కడుపుకి యజమానిని నేనే."

మా ఆయన గబగబా తలూపేశారు. పానకాలరావుగారు కాసేపు కలం పట్టుకుని ఆలోచించి, "యజమాని: స్వయముగా" అని రాసుకున్నారు. ఆ గడి అలా నింపడం తన సర్వీసులో ఇదే మొదటిసారి అన్నారు.

"సార్, ఇది ఇల్లు కాదండీ" అని మా ఆయన బతిమాలుతున్నట్టు మొదలెట్టారు. "పిల్లల కోసమండీ, వైద్యం..."

"ఇల్లు అని నేను అనలేదు. ఆస్తి అన్నాను. డాక్టరుగారే ధ్రువీకరించినారు కదా." ఆయన డాక్టరు సర్టిఫికెట్టుకి ఆచారిగారు చేసిన అనువాదం చదివి వినిపించారు. "'గర్భాశయము ప్రస్తుతము ఖాళీగా ఉన్నది. ప్రవేశమునకు అన్ని విధముల సిద్ధముగా ఉన్నది.' ఇంతకన్న స్పష్టముగా ఎవరు చెప్పగలరు? తమ వృత్తి?"

మా ఆయన నోరు విప్పేలోగా దరఖాస్తే చెప్పేసింది: అద్దె సామాన్ల వ్యాపారం.

"ఓహో!" అన్నారు పానకాలరావుగారు. ఆ ఒక్క ఓహోతో మా కొంప మునిగింది. "ఆ వ్యాపారమునకు ఇది శాఖయా?"

నేను నోటికొచ్చింది అనబోయాను. హిమజ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ చెయ్యి చల్లగా తగిలేసరికి నోరు మూసుకున్నాను.

"అద్దెదారు పేరు?" ఆయన ముందుకి సాగారు.

"ఇంకా పెట్టలేదండీ."

"వయసు?"

"ఇంకా లేదండీ."

"పూర్వపు నివాసము?"

నేనూ మా ఆయనా మొహాలు చూసుకున్నాం. "ఫ్రీజరండీ" అన్నాను.

"అచ్చట ఖాళీ చేయుటకు కారణము?"

"చలండీ."

రాసుకున్నారు. అబద్ధం ఆడితే నా కళ్ళు పోతాయి, "అధిక శీతలము" అని నిజంగా రాసుకున్నారు.

"కాలపరిమితి?"

"తొమ్మిది నెలలు."

కలం ఆగింది. "తొమ్మిదికి మా వద్ద నమూనా లేదమ్మా. అద్దె ఒప్పందము పదకొండు నెలలకే."

"ఇంకో రెండు నెలలు లోపలే అట్టే పెట్టుకోమంటారా?"

"గడువునకు ముందే ఖాళీ చేయుట అద్దెదారు ఇష్టము. అందుకు అభ్యంతరము లేదు" అన్నారాయన దయగా.

అసలా అద్దె అన్న మాట తీసేయమని బతిమాలాం. మేం ఎవరమూ అద్దె అడగలేదు, అద్దె పుచ్చుకోవడమే నేరమని ఆరోగ్య విభాగం వాళ్ళు మొదటి పేజీలోనే రాశారు. అది నిజమేనని పానకాలరావుగారు ఒప్పుకున్నారు. అద్దె పుచ్చుకుంటే ఆరోగ్య విభాగం కేసు పెడుతుంది, అద్దె ఒప్పందం లేకపోతే తన విభాగం అనుమతి ఇవ్వదు. మాట మార్చాలంటే భాషా సంఘం కూర్చోవాలి. అది ఉగాదికి మాత్రమే కూర్చుంటుంది.

"అందుచేత మధ్యే మార్గముగా నెలసరి అద్దె సున్నా అని వేసెదము" అన్నారు. "నెలనెలా సున్నా ముట్టినట్లు మీరు రసీదు ఇవ్వవలెను. రసీదు మాత్రము తప్పరాదు."

మర్నాడు ఆస్తి తనిఖీకి మా షాపుకి వచ్చారు. చేతిలో కొలత టేపు. ఆ టేపు చూడగానే నా మొహం ఎలా మారిందో ఏమో, ఆయన దాన్ని జేబులో పెట్టేసుకుని మా అద్దె కుర్చీలో కూచున్నారు.

"నీటి వసతి?"

"ఉమ్మనీరుందండీ. మునిసిపాలిటీ కుళాయి కన్నా నయం, ఎప్పుడూ ఆగదు."

"వెలుతురు?"

"ఉండదండీ. అక్కడ ఉండేవాళ్ళకి అక్కర్లేదు కూడా."

"ద్వారము ఏ దిక్కు?"

ఇది అడుగుతారని నేను అనుకోలేదు. "నేను ఎటు తిరిగితే అటండీ" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "సర్వతోముఖము! వాస్తు దోషము లేదు" అని రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు, ఖాళీ చేశాక ఆస్తి యథాస్థితిలో ఉండాలని కూడా ఒక షరతు ఉందన్నారు. మా ఆయనకి అది తన వ్యాపారం మాటలా అనిపించి, "అదెక్కడి మాటండీ? మా గంగాళాలు వెళ్ళేటప్పుడు ఉన్నట్టు తిరిగి రావు. ఎక్కడో సొట్ట పడే వస్తాయి" అన్నారు. పానకాలరావుగారు సొట్ట అన్న మాట బాగుందని మెచ్చుకుని, అచ్చ తెలుగని దాన్నీ రాసుకున్నారు.

దసరా దగ్గరికొచ్చేసింది. నవరాత్రుల పందిళ్ళకి మా షామియానాలన్నీ బయటికి వెళ్ళిపోయాయి. నేను మాత్రలు మింగుతూనే ఉన్నాను. డాక్టరుగారు ఫోను చేసి, పొర సిద్ధంగా ఉంది, ఎక్కువ రోజులు ఇలా నిలబెట్టలేను అంటున్నారు. అప్పుడు పిలిచారు, ఒప్పందం మీద సంతకం పెట్టమని.

అచ్చు వేసిన నమూనా అది. ఆచారిగారు దాన్ని కూడా శుద్ధి చేశారు. ఇంగ్లీషులో డిఫాల్టు అని, అంటే నెల అద్దె కట్టకపోతే అని, ఉన్న చోటల్లా తెలుగు చేశారు. సంతకం పెట్టే ముందు చదవడం నాకు అలవాటు. ఆరో షరతు దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

"'ఒప్పంద కాలములో నెల తప్పినచో, అనుమతి రద్దగును. అద్దెదారు తక్షణము ఖాళీ చేయవలెను.' ఇదేంటండీ?" అన్నాను.

"సర్వసాధారణ షరతు. నెల తప్పరాదు."

"నెల తప్పకూడదా?"

"ఎట్టి పరిస్థితుల్లోనూ."

"అయ్యా! నెల తప్పకపోతే ఇదంతా ఎందుకండీ? ఇన్ని మాత్రలు, ఇన్ని సూదులు నెల తప్పడానికే కదండీ మింగుతున్నానూ పొడిపించుకుంటున్నానూ!"

పానకాలరావుగారు నొచ్చుకున్నారు. "తప్పుటకే ప్రవేశిస్తామని ముందే చెప్పువారిని నేను చూడలేదమ్మా. కనీసము మొదట కొన్ని నెలలైనా సక్రమముగా ఉందురు."

హిమజ నవ్వింది. రెండేళ్ళ తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది, ఆ నవ్వులోంచే ఏడుపు కూడా వచ్చేసింది. నాకు ఇంక వాదించే ఓపిక లేకపోయింది. ముందు అనుమతి చేతికి రానీ, ఆ తర్వాత సంగతి ఆ తర్వాత చూద్దాం అనుకుని సంతకం గీకేశాను.

విజయదశమికి రెండు రోజుల ముందు డాక్టరుగారు పిండాన్ని నాలో పెట్టారు. చెయ్యాల్సిన పనుల్లో అన్నిటికన్నా తక్కువసేపు పట్టింది అదే. తెర మీద చిన్న తెల్లటి చుక్క చూపించి, "అదిగో" అన్నారు. హిమజ ఆ చుక్కకేసి రెప్పెయ్యకుండా చూసి, "అది నిలుస్తుందా అక్కా?" అంది. "అది" అంది. "నా బిడ్డ" అనలేదు.

ఎదురుచూసిన రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. కొండబాబు తుమ్మితే హిమజ ఉలిక్కిపడేది. ఆఖరికి రక్తపరీక్ష కాగితం వచ్చింది. డాక్టరుగారు తెలుగులోనే రాసిచ్చారు, జిల్లా రూలు కదా. "శ్రీమతి వీరవేణి నెల తప్పినట్లు ధ్రువీకరించడమైనది." కొండబాబు ఆ కాగితాన్ని కళ్ళకద్దుకున్నాడు. మా ఆయన షాపులో ఉన్న మైకు సెట్టు ఆన్ చేశారు, ఎందుకో ఆయనకే తెలీదు. మా అత్తగారు ఆ మైకు లాక్కుని, వీధంతా వినపడేలా, "మా పెద్దకోడలు నెల తప్పిందర్రా! చిన్నకోడలి కోసం తప్పింది!" అని చెప్పేశారు.

సరిగ్గా ఆ వేళకి పానకాలరావుగారు మనవడి అన్నప్రాసనకి గిన్నెలు అద్దెకి తీసుకుందామని మా గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆయన మొహం పాలిపోయింది. "ఇంత త్వరగానా అమ్మా?" అన్నారు మెల్లిగా. గిన్నెలు తీసుకోకుండానే వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల్లో బంట్రోతు జిగురు డబ్బా పట్టుకుని వచ్చాడు. అద్దెదారు స్వయంగా నోటీసు అందుకోని పక్షంలో దాన్ని ఆస్తి మీద అంటించాలని రూలుట. వాడు నాకేసి ఒకసారి, జిగురు డబ్బాకేసి ఒకసారి చూశాడు. "దగ్గరికొచ్చావంటే నీ తల మీద అంటిస్తాను" అన్నాను. పాపం, షాపు షట్టరుకి అంటించి పారిపోయాడు. అందులో ఇలా ఉంది:

"శ్రీ/శ్రీమతి/కుమారి (పేరు పెట్టవలసి ఉన్నది) గారికి. తాము నివసించుచున్న ఆస్తి యందు నెల తప్పినట్లు ఈ కార్యాలయపు దృష్టికి వచ్చినది. కావున అనుమతి ఏల రద్దు చేయరాదో విచారణకు స్వయముగా హాజరై సంజాయిషీ చెప్పుకొనవలెను. లేనిచో సామాను సహా ఖాళీ చేయింపబడుదురు."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. డాక్టరుగారికి ఫోను చేస్తే ఆవిడా నవ్వలేదు. బిడ్డ నాలోంచి ఎక్కడికీ పోదు గానీ, అనుమతి రద్దయితే పుట్టాక సర్టిఫికెట్టులో తల్లిగా హిమజ పేరు వెయ్యరు. కన్నది ఎవరో వాళ్ళ పేరే వేస్తారు. అంటే కాగితాల మీద ఆ బిడ్డ నాదైపోతుంది. ఆ మాట హిమజకి చెప్పకుండా దాచుదామనుకున్నాం గానీ తను తలుపు పక్కనే నిలబడి ఉంది. మూలనున్న ఉయ్యాల గుడ్డని, అప్పటికే కుట్టి పెట్టుకున్నదాన్ని, మడతపెట్టి బీరువాలో పెట్టేసింది.

సున్నా రసీదు పట్టుకుని వెళ్ళి పానకాలరావుగారి బల్ల మీద కొట్టాను. "ఈ నెల సున్నా సక్రమంగానే ముట్టింది, చూసుకోండి!"

"సున్నా సక్రమమే" అన్నారాయన విచారంగా. "కాని నెల తప్పినట్లు సాక్షాత్తు డాక్టరుగారే ధ్రువీకరించినారు. నేను ఏది నమ్మవలెను?"

"అలాగైతే తప్పింది నేను కదండీ! యజమాని నెల తప్పితే అద్దెదారుని ఖాళీ చేయిస్తారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించారు. "అద్దెదారు రాకుండిన మీరు తప్పియుందురా?"

"తప్పేదాన్ని కాదండీ."

"కనుక కారణభూతులు అద్దెదారే."

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది, కానీ ఆ స్థితిలో కొట్టుకోకూడదు.

మొదటి విచారణకి వెళ్ళాం. పెద్ద అధికారి క్యాంపులో ఉన్నారన్నారు, వాయిదా. రెండోసారికి ఉన్నారు గానీ "అద్దెదారు హాజరు" అని పిలిచినప్పుడు నేను లేచి నిలబడితే, "మీరు ఆస్తి. అద్దెదారు ఎక్కడ?" అన్నారు. "లోపలున్నారండీ" అన్నాను. "లోపలివారు వినబడరు, కనబడరు. స్వయముగా హాజరు అనగా స్వయముగా" అని వాయిదా వేశారు. అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. అద్దె వ్యాజ్యాలు ఎంత కాలం సాగుతాయో టెంట్ హౌసు వాళ్ళకి ఒకరు చెప్పాలా? ఇక నేను వాయిదాలకి పేచీ పెట్టడం మానేశాను. పెద్ద అధికారి పద్యం చదివే సభ ఉందంటే సంతోషంగా వాయిదా. ఆచారిగారు "వాయిదా" అచ్చ తెలుగు కాదని తేల్చి, సరైన మాట దొరికేదాకా వాయిదా వెయ్యకూడదన్నారు గనక ఒక విచారణ జరపాలో మానాలో తెలియక ఆగిపోయింది. నా పొట్ట ప్రతి విచారణకీ కొంచెం ముందుకొచ్చేది. అద్దెదారు లోపల్నుంచి తన్నడం మొదలెట్టాక పానకాలరావుగారు "పాక్షిక హాజరు" అని రాసుకోవడం కూడా మొదలెట్టారు. నాకు ఆయన మీద కోపం తగ్గిపోయింది, ఏం చెప్పను.

పగళ్ళు హిమజ నా కాళ్ళు పట్టేది. లోపల బిడ్డ తన్నిందంటే హిమజ చెయ్యి తీసి నా పొట్ట మీద పెట్టేదాన్ని. చెయ్యి పెట్టేది గానీ మాట్లాడేది కాదు. "పిలవవే, దానికి వినపడుతుంది" అన్నాను ఒకసారి. "ఏమని పిలవను అక్కా? ఇంకా తేలలేదు కదా" అంది.

తొలకరి పడ్డ వారంలో ఆడపిల్ల పుట్టింది. నర్సు ఎత్తుకుని తెస్తుంటే నా చేతులు వాటంతటవే చాచుకున్నాయి. అవి అలా చాచుకుంటాయని కౌన్సిలింగావిడ నన్ను అడిగినప్పుడు నాకు తెలీదు. మళ్ళీ దించుకున్నాను. "వాళ్ళమ్మకి ఇవ్వండి" అన్నాను. ఆసుపత్రిలో సర్టిఫికెట్టు మాత్రం ఆపేశారు. జిల్లా కార్యాలయం ఏదో ఒకటి తేల్చాలి.

ఆఖరి విచారణకి అద్దెదారు స్వయంగా హాజరయింది, హిమజ చేతుల్లో, తెల్లటి తువ్వాల్లో చుట్టుకుని. పెద్ద అధికారి కుర్చీలో కూచున్నారు, పానకాలరావుగారు పక్కన కలం పట్టుకుని ఉన్నారు. పిలుపు వినగానే అద్దెదారు గుక్కపట్టి ఏడిచింది. కార్యాలయమంతా మారుమోగింది.

"సంజాయిషీగా నమోదు చేయుదునా?" అన్నారు పానకాలరావుగారు.

"చేయండి. స్పష్టముగా ఉన్నది" అన్నారు పెద్ద అధికారి. "అద్దెదారు ఖాళీ చేసినట్లేనా?"

"చేసిందండీ" అన్నాను.

"ఖాళీ చేసిన పిమ్మట ఖాళీ చేయించుమను వ్యాజ్యము నిలువదు. కొట్టివేయడమైనది. ఆస్తి యథాస్థితిలో ఉన్నదా?"

మా ఆయన నాకేసి చూశారు.

"కొంచెం సొట్ట పడిందండీ" అన్నాను. "పైకి కనపడదు లెండి."

పానకాలరావుగారు కలం ఎత్తి, నా మొహం చూసి, ఏమీ రాయకుండా దించేశారు. ఫైల్లో ఏదీ రాయకుండా వదిలెయ్యడం ఆయన సర్వీసులో అదే మొదటిసారి అయుంటుంది.

"ఇక ఒక్క గడి మిగిలినది" అన్నారు పెద్ద అధికారి. "ఖాళీ చేసిన అద్దెదారు ప్రస్తుత నివాసము. ఇది నిండనిదే ఫైలు మూయరాదు, జనన పత్రమునకు ఉత్తర్వు ఇవ్వరాదు."

"ఒడి అండీ" అన్నాను. "అదిగో, ఆ అమ్మాయి ఒడి."

"సొంతమా? అద్దెయా?" ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. "అద్దె అయినచో మరల మొదటినుంచి ఫైలు తెరవవలెను."

"సొం..." అని నేను నోరు తెరిచాను.

"మీరు కాదు. మీరు పూర్వపు ఆస్తి. ప్రస్తుత ఆస్తి చెప్పవలెను."

అందరం హిమజకేసి తిరిగాం. కొండబాబు గోళ్ళు కొరకడం ఆపేశాడు. పాప కూడా ఎందుకో ఏడుపు ఆపింది. హిమజ తల వంచుకుని తువ్వాలు అంచు సర్దుతోంది. పెదాలు కదులుతున్నాయి గానీ మాట పెగలడం లేదు. చెప్పవే తల్లీ, ఒక్క మాట, అని నేను లోపల్లోపల మొక్కుకుంటున్నాను.

"అమ్మా, సొంతమా? అద్దెయా?" పానకాలరావుగారు మళ్ళీ అడిగారు, ఈసారి ఆఫీసు గొంతుతో కాదు.

హిమజ తలెత్తింది.

"నా బిడ్డండీ" అంది. ఆ పైన, ఎక్కడ రాసుకోరో అన్నట్టు కొంచెం గట్టిగా అంది. "నా ఒళ్ళో ఉంది. సొంతం."